స్ట్రెచ్ ఫిల్మ్ రోల్ తెల్లారేసరికి బిగుసుకుపోతోంది, కోర్ నలిగిపోతోంది. ఎక్కడ చూడాలి?

గాజువాక_కాస్ట్‌లైన్
మాది విశాఖ ఆటోనగర్‌లో చిన్న కాస్ట్ లైన్, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని డై అనే సన్నటి చీలిక నుంచి చల్లటి రోలర్ మీదకి దించి ప్యాలెట్లకి చుట్టే స్ట్రెచ్ ఫిల్మ్ తీస్తాం, మూడు లేయర్లు. ఎక్కువగా నడిపేది 23 మైక్రాన్లు, 500 మి.మీ. వెడల్పు. వానలు మొదలైన దగ్గర నుంచి ఒకటే గోల. సాయంత్రం వైండర్ (ఫిల్మ్‌ని రోల్‌గా చుట్టే మెషీన్) మీద నుంచి దింపినప్పుడు రోల్ బాగానే ఉంటుంది, బొటనవేలితో నొక్కితే కొంచెం దిగుతుంది. పొద్దున్నే వచ్చి చూస్తే రాయిలా బిగుసుకుపోయి ఉంటోంది. కొన్నింటికి పేపర్ కోర్ (మధ్యలోని అట్ట గొట్టం) లోపలికి మడత పడుతోంది. కస్టమర్ దగ్గర మెషీన్ షాఫ్ట్‌కి ఎక్కడం లేదు. టేపు పెట్టి కొలిస్తే వెడల్పు 496, 497 వస్తోంది. స్లిట్టింగ్ బ్లేళ్లు కదల్లేదు, చూసుకున్నాం.

టెన్షన్ తగ్గించి చూశాం. కోర్ బతికింది గానీ రోల్ లారీలో జారిపోయి గరాటాలా అయింది. పెంచితే కోర్ పోతోంది, తగ్గిస్తే రోల్ పోతోంది. వెనక్కి వచ్చిన సరుకు షెడ్డు సగం నిండింది. ఎవరికైనా ఇలా అయ్యిందా?

రెసిన్_రాజు
రెసిన్ మార్చారా? ధర చూసి సీ6 (హెక్సీన్ కలిపిన రెసిన్) నుంచి సీ4 (బ్యూటీన్ కలిపింది)కి దిగినవాళ్లు ఈ మధ్య చాలామంది ఉన్నారు. గ్రేడు, ఎంఎఫ్‌ఐ (కరిగాక ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె) చెప్పండి.

గాజువాక_కాస్ట్‌లైన్
మార్చలేదు రాజు గారూ. మధ్య లేయర్ సీ6, ఒక బయటి వైపు సీ4, క్లింగ్ వైపు, అంటే అంటుకునే వైపు, ప్లాస్టోమర్ అనే మెత్తటి పాలిమర్ కలిపింది. ఎంఎఫ్‌ఐ 3 దగ్గర. ఏప్రిల్‌లో ఇదే లాట్ నడిపాం, ఒక్క రోల్ కూడా వెనక్కి రాలేదు.

సెకండ్‌షిఫ్ట్_సాయి
నాకు అర్థం కాక అడుగుతున్నా. ముడుచుకుంటోందంటే మంచిదే కదా, ప్యాలెట్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది?

క్యూసీ_లావణ్య
సాయి గారూ, మీరు అనుకునేది ష్రింక్ ఫిల్మ్. నీళ్ల సీసాల కేసులకి చుట్టి వేడి టన్నెల్‌లోకి పంపుతారే, అది. దానిలో ఎల్‌డీపీఈ (ఒక రకం పాలిథిలిన్) ఎక్కువ వేసి, వేడి తగలగానే ముడుచుకునే గుణాన్ని కావాలనే పెడతారు. స్ట్రెచ్ ఫిల్మ్‌కి వేడితో పని లేదు. సాగదీసి చుడితే, వెనక్కి రావాలని చూసే బలమే సరుకును పట్టి ఉంచుతుంది. ఆ బలం ప్యాలెట్ మీద పనికి రావాలి. రోల్‌లో ఉండగానే బయటికి వస్తే నలిగేది కోరే.

పాత_వైండర్
రెసిన్ సంగతి తర్వాత చూద్దాం. తమ్ముడూ, ముందు ఇవి చెప్పు. చిల్లర్ నీళ్లు ఎంతలో పెట్టారు? వైండర్ దగ్గరికి వచ్చేసరికి ఫిల్మ్ ఎంత వేడిగా ఉంటోంది? టేపర్ పెట్టావా, మొదటి నుంచి చివరి దాకా ఒకటే టెన్షన్‌లో చుడుతున్నావా? ఏప్రిల్‌కీ ఇప్పటికీ మధ్య లైన్ స్పీడ్ ఏమైనా మారిందా?

ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్తా. పాలిథిలిన్ చిల్ రోల్ మీద, అంటే లోపల చిల్లర్ నీళ్లు పారే రోలర్ మీద, గట్టిపడింది కదా, ఇక అయిపోయిందనుకుంటారు. అవ్వదు. దాని గాజు స్థితి ఉష్ణోగ్రత సున్నాకి వంద డిగ్రీలకు పైగా కిందే ఉంటుంది. అంటే మన షెడ్డు వేడిలో లోపలి గొలుసులు ఇంకా కదులుతూనే ఉంటాయి, స్ఫటికాలు ఇంకా కడుతూనే ఉంటాయి. ఈ పని మొదటి ఒకటి రెండు రోజుల్లో బాగా కనిపిస్తుంది. ఫిల్మ్ వేడిగా ఉన్నంతసేపూ ఇంకా జోరుగా సాగుతుంది.

ఇప్పుడు రోల్ లోపల ఏం జరుగుతుందో చూడు. బల్ల మీద వదిలేసిన ఫిల్మ్ ముడుచుకుంటే పొడవు తగ్గుతుంది, అంతే. రోల్‌లో ఆ వీల్లేదు. ప్రతి చుట్టూ తన కింది చుట్టును బిగిస్తుంది. వేలికి ఒక రబ్బర్‌బ్యాండ్ వేస్తే ఏమీ అనిపించదు, వందలకొద్దీ వేస్తే వేలు నల్లబడుతుంది. కోర్ సంగతీ అంతే. పైగా పొడవు దిశలో బిగుతు పెరిగితే వెడల్పు ఇంకాస్త తగ్గుతుంది. నీ 496 లో కొంత వాటా దానిదే.

గాజువాక_కాస్ట్‌లైన్
అన్నా, స్పీడు అదే. టేపర్ లేదు, మా వైండర్‌లో ఆ ఆప్షన్ ఉందిగానీ ఎవరూ వాడలేదు. చిల్లర్ ఏప్రిల్‌లో 18 లో పెట్టేవాళ్లం. వానలు పడ్డాక చిల్ రోల్‌కి చెమట పట్టడం మొదలైంది. నీటి చుక్కలు ఫిల్మ్ కిందికి పోయి మచ్చలు వస్తున్నాయని 28కి, ఒక్కోసారి 30కి పెంచుతున్నాం. వైండర్ దగ్గర గన్ పెట్టి చూస్తే 31 చూపిస్తోంది. అంత వేడేం కాదు కదా?

క్యూసీ_లావణ్య
ఆ గన్ మాట నమ్మకండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ పలచటి తెల్ల ఫిల్మ్‌ని సరిగా చదవలేదు. 23 మైక్రాన్ల పాలిథిలిన్ గుండా ఆ కిరణాలు చాలావరకు దూరిపోతాయి. మీకు కనిపిస్తున్న 31 ఫిల్మ్ వెనకున్న రోలర్‌దో, గోడదో. రోల్ దింపిన వెంటనే బ్లేడుతో పైచుట్లు కొంత లోతుగా కోసి, ఆ పొరల మధ్యలోకి వేడి కొలిచే సన్నటి థర్మోకపుల్ వైర్ దూర్చి కాసేపు ఆగి చూడండి. అదీ అసలు లెక్క.

హైదరాబాద్_బ్లోన్
మా జీడిమెట్లలో పక్క షెడ్డులో కాస్ట్ లైన్ ఉంది. వాళ్లు ఎండాకాలం 16 లో నడుపుతారు, చుక్క చెమట ఉండదు. మీ చిల్లర్‌లోనే ఏదో లోపం ఉండి ఉంటుంది.

క్యూసీ_లావణ్య
లోపం చిల్లర్‌ది కాదండీ, ఊరు అలాంటిది. గాలిలోని ఆవిరి ఏ వేడి దగ్గర నీరై కడుతుందో అదే మంచు బిందువు. హైదరాబాద్‌లో మే నెలలో 40 డిగ్రీలు, 20 శాతం తేమ అనుకోండి, మంచు బిందువు 13 దగ్గర ఉంటుంది. 16 లో ఉన్న రోలర్‌కి చెమట పట్టదు. విశాఖలో వానాకాలం 32 డిగ్రీలు, 80 శాతం తేమ అంటే మంచు బిందువు 28. అంటే 28 కన్నా చల్లగా ఉన్న ఏ ఇనుము మీదైనా నీరు కడుతుంది. గాజువాక వాళ్లు 28 దాకా పెంచితేగానీ చెమట ఆగకపోవడం లెక్క ప్రకారం సరిగ్గా సరిపోయింది.

ఏప్రిల్‌లో 18 లో ఎలా నడిచింది అనొచ్చు. అప్పుడూ మనకి తేమ తక్కువేం కాదు, కొంచెం చెమట పట్టే ఉంటుంది, మచ్చలు పడేంత కాదు.

సెకండ్‌షిఫ్ట్_సాయి
మా షిఫ్టులో మనుషులకీ అదే మంచు బిందువు మేడమ్, ఒక్కరి చొక్కా కూడా ఆరదు 😄

రెసిన్_రాజు
ఇంత లెక్క ఎందుకండీ. టెన్షన్ తగ్గించి, లే-ఆన్ రోలర్ (చుట్టేటప్పుడు రోల్‌ని నొక్కి ఉంచేది) ఒత్తిడి కొంచెం పెంచితే రోల్ జారదు, కోర్ నలగదు. చాలా చోట్ల చూశాను.

పాత_వైండర్
రాజు గారూ, చల్లగా వచ్చే ఫిల్మ్‌కి మీరన్నది నిజం. వేడిగా వచ్చే ఫిల్మ్‌కి లే-ఆన్ గట్టిగా నొక్కితే చుట్ల మధ్య గాలి మొత్తం పోతుంది. ఆ కాస్త గాలే ముడుచుకునే ఫిల్మ్‌కి మెత్తటి చోటు ఇచ్చేది. అది కూడా తీసేస్తే బిగుతంతా కోర్ మీదకే వస్తుంది, క్లింగ్ వైపు అంటుకుపోయి విప్పేటప్పుడు చిరుగుతుంది కూడా. సాయంత్రం రోల్ మెత్తగా, పొద్దున్న గట్టిగా ఉందని అతను మొదటి పోస్టులోనే రాశాడు. చుట్టడంలో తప్పుంటే సాయంత్రమే గట్టిగా ఉండేది. ఇది చుట్టాక పుట్టిన బిగుతు. వేడిని వదిలేసి వైండర్ని ఎంత తిప్పినా, ఆయన చెప్పినట్టు ఒకటి దక్కితే ఇంకోటి పోతుంది.

కోర్_పెందుర్తి
కోర్లు చేసేవాణ్ణి, మా వైపు మాట కూడా వినండి. వానాకాలంలో వచ్చే కంప్లెయింట్లలో చాలావాటికి కోర్ తప్పు కాదు, కోర్ పెట్టిన చోటు తప్పు. పేపర్ కోర్ తేమ పీల్చుకుంటుంది. పీల్చిన కొద్దీ నొక్కుడుకి తట్టుకునే బలం పడిపోతుంది. షట్టర్ పక్కన సిమెంటు నేల మీద, కవరు విప్పి పడేస్తారు. సముద్రం మీద నుంచి వచ్చే గాలి రోజంతా దానికే తగులుతుంది. చెక్క ప్యాలెట్ మీద, కవరులోనే ఉంచి, వాడే ముందే విప్పండి. అనుమానం ఉంటే ఒక కోర్‌ని ఇవాళ తూచి, పొడి గదిలో ఉంచి మళ్లీ తూయండి, ఎంత నీరు తాగిందో తెలుస్తుంది. గోడ మందం ఇంకొంచెం పెంచమంటే పెంచి ఇస్తాం.

పరవాడ_స్టోర్స్
మందం పెంచడం అనగానే నాకు ఒళ్లు మండుతుంది. ఫార్మా కంపెనీ స్టోర్స్‌లో చేస్తాను. ఫిల్మ్ కిలోల్లో కొంటాం, కోర్‌తో కలిపి తూస్తారు. ఓ సరఫరాదారు రోల్ విప్పి చూస్తే కోర్ ఒక్కటే కిలోకి పైనే ఉంది. ఫిల్మ్ ధరకి అట్ట కొన్నాం. ఇప్పుడు ష్రింకేజ్ పేరు చెప్పి ఇంకా బరువు కోర్లు వస్తాయన్నమాట.

కోర్_పెందుర్తి
స్టోర్స్ గారూ, బరువు కోర్ అడిగేవాళ్లు ఉన్నారు, నేను కాదనను. కానీ పలచటి కోర్ మీద బిగుతు రోల్ చుడితే నలిగేది ఖాయం. నెట్ బరువు మీద బిల్లు వేయించుకోండి, కోర్ ఎంత మందం ఉన్నా మీకు నష్టం లేదు.

పరవాడ_స్టోర్స్
నెట్ అంటే ఒప్పుకునేవాళ్లు ఎంతమంది?

పాత_వైండర్
ఒప్పుకోకపోతే మీటర్లలో కొనండి. లెక్క సులువు. 500 మి.మీ. వెడల్పు, 23 మైక్రాన్లు, సాంద్రత 0.918 అయితే మీటరు ఫిల్మ్ బరువు 10.56 గ్రాములు. 300 మీటర్లు అన్నవాడు 3.17 కిలోల ఫిల్మ్ ఇవ్వాలి. రోల్ తూచి, ఖాళీ అయ్యాక కోర్ తూచి తీసేయండి. తేడా వస్తే మీటర్లయినా తగ్గి ఉండాలి, మైక్రాన్లయినా తగ్గి ఉండాలి.

ఇంకో మాట. ముడుచుకోవడం వల్ల బరువు తగ్గదు. వెడల్పు 500 నుంచి 496 అయితే ఫిల్మ్ కాస్త మందమో, చిక్కనో అవుతుంది, గ్రాములు ఎక్కడికీ పోవు. ఎవరైనా 'ష్రింకేజ్ వల్ల బరువు తగ్గిందండీ' అని చెప్తే ఆ మాట వినకండి.

పరవాడ_స్టోర్స్
ఇది రాసి పెట్టుకుంటున్నా. ఆ సరఫరాదారు పేరు ఇక్కడ పెట్టనా?

మోడరేటర్
వద్దండీ. కంపెనీల పేర్లు పెట్టకుండా సమస్య మాట్లాడుకుందాం. కోర్ బరువు గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ రోల్ బిగుతు సంగతి నడవనివ్వండి.

రొయ్యల_ప్యాకింగ్
వాడేవాడి వైపు నుంచి ఒక మాట. ఎగుమతి రొయ్యల కార్టన్లు ప్యాలెట్ కట్టే పని మాది. వెడల్పు 4 మి.మీ. తగ్గిందని మేము రోల్ వెనక్కి పంపం. కోర్ షాఫ్ట్‌కి ఎక్కకపోతే మాత్రం మొత్తం లైన్ ఆగుతుంది. కంటైనర్ బయట నిలబడి ఉంటుంది, సరుకు మైనస్ 18 లో ఉండాల్సింది. అప్పుడు కుర్రాళ్లు సుత్తి పట్టుకుని కోర్ మీద పడతారు, చేతులు కోసుకుంటారు. దయచేసి పంపే ముందు ప్రతి రోల్‌లో ఒక మాండ్రిల్ (షాఫ్ట్ సైజు కడ్డీ) దూర్చి చూడండి. మీ షెడ్డులో దూరనిది మా దగ్గర దూరదు.

నాదీ ఒక ప్రశ్న. చుట్టేటప్పుడు బాగా ఉన్న ఫిల్మ్ చివర, కోల్డ్ స్టోరేజ్‌లో ఒక రాత్రి ఉన్నాక ఊడి వేలాడుతోంది. అది కూడా ముడుచుకోవడమేనా?

క్యూసీ_లావణ్య
చలికి కొంచెం ముడుచుకోవడం ఉంటుంది, కానీ మీ సమస్య ముఖ్యంగా అంటుకునే గుణానిది. చలిలో ఫిల్మ్ బిరుసవుతుంది. క్లింగ్ కోసం పీఐబీ వేసిన ఫిల్మ్ అయితే ఆ జిగట పదార్థం లోపల నుంచి పైకి రావడం చలిలో బాగా నెమ్మదిస్తుంది. పైగా కార్టన్ మీద మంచు పొడి ఉంటే దేనికీ అంటదు. చల్లటి గది లోపల కాకుండా బయటి గదిలో చుట్టండి. చివరను కింది చుట్టు మీద చేత్తో గట్టిగా రుద్ది అతికించండి. సరఫరాదారుని కోల్డ్ స్టోరేజ్‌కి పనికొచ్చే క్లింగ్ లేయర్ అడగండి.

రొయ్యల_ప్యాకింగ్
సరే మేడమ్. మాది లోపలే చుడుతున్నారు, మార్చి చూస్తాం.

గాజువాక_కాస్ట్‌లైన్
లావణ్య గారూ, మీరన్నట్టు వైర్ దూర్చి చూశాం. 45 వచ్చింది! గన్ 31 అన్న చోట 45. ఇంకో విషయం, రోల్ రెండు చివరలూ ఒకేలా లేవు. మోటారు వైపు చివర ఎక్కువ గట్టిగా ఉంది.

క్యూసీ_లావణ్య
ఆ 45 తో మీ 4 మి.మీ. లెక్క కొంత తేలుతుంది. పాలిథిలిన్ ఒక డిగ్రీ చల్లారితే పొడవులో దాదాపు పదివేలకు రెండు వంతులు తగ్గుతుంది. 45 నుంచి రాత్రి 30 కి వచ్చిందంటే 15 డిగ్రీలు. 500 మి.మీ. మీద అది 1.5 మి.మీ. ఇది ఉత్త చల్లారడం వల్ల. మిగతా రెండున్నర స్ఫటికాలు కట్టడం, డై దగ్గర సాగిన సాగు వెనక్కి రావడం, పాత_వైండర్ గారు చెప్పిన బిగుతు, ఈ మూడింటిది.

పాత_వైండర్
రెండు చివరలూ వేరేగా ఉన్నాయంటే సంతోషం తమ్ముడూ, దారి దొరికింది. చిల్ రోల్‌లోకి వెళ్లే నీటి వేడి, బయటికి వచ్చే నీటి వేడి రెండూ కొలువు. తేడా ఒకటి రెండు డిగ్రీలు ఉండాలి. ఎక్కువ ఉంటే నీళ్లు సరిపడా పారడం లేదు, వెళ్లే వైపు చల్లగా వచ్చే వైపు వేడిగా అవుతోంది. తేడా తక్కువే ఉండి ఫిల్మ్ మాత్రం వేడిగా వస్తుంటే లోపలి గోడలకి సున్నం పట్టింది, వేడి నీళ్లలోకి దిగడం లేదు. మన గాజువాక వైపు బోరు నీళ్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఆ నీళ్లే చిల్లర్‌లో పోస్తున్నారా?

గాజువాక_కాస్ట్‌లైన్
బోరు నీళ్లే అన్నా. తేడా 6 డిగ్రీలు ఉంది.

పాత_వైండర్
పంపు ముందున్న స్ట్రెయినర్ విప్పు.

గాజువాక_కాస్ట్‌లైన్
విప్పాం. జాలీ కనిపించనంత తుప్పు, మధ్యలో గ్యాస్కెట్ ముక్క ఒకటి. కడిగి పెట్టాక తేడా 2కి దిగింది. రెండు చివరల గట్టిదనం ఇప్పుడు ఒకేలా ఉంది. రోల్ లోపలి వేడి 45 నుంచి 39కి వచ్చింది. చిల్లర్ ఇంకా 28 లోనే ఉంది, కిందికి దింపితే మళ్లీ చెమట.

హైదరాబాద్_బ్లోన్
అలాగైతే చెమట పట్టే గాలినే అక్కడ లేకుండా చేయాలి కదా. చిల్ రోల్ చుట్టూ కర్టెన్ కట్టి లోపల ఏసీ పెడితే? మా ప్రింటింగ్ గదికి అలాగే చేశాం.

క్యూసీ_లావణ్య
చక్కగా పనిచేస్తుంది. 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గాలికి మంచు బిందువు 14 దగ్గర. ఆ కర్టెన్ లోపల 20 లో నడిపినా రోలర్ పొడిగా ఉంటుంది. డై వేడి వల్ల లోపల గాలి వేడెక్కుతుంది, దానికి భయపడక్కర్లేదు. గాలి వేడెక్కినంత మాత్రాన మంచు బిందువు మారదు. బయటి తడి గాలి దూరకుండా కర్టెన్ అంచులు మాత్రం నేల దాకా ఉండాలి. డై నుంచి వచ్చే పొగ పోయే దారి వేరుగా ఉంచండి, అందులో పనిచేసేది మనుషులే.

చెమట ఎక్కడ పడుతోందో కూడా దగ్గర నుంచి చూడండి. ఫిల్మ్ కప్పి ఉన్న చోట రోలర్ ఎప్పుడూ వేడి తగులుతూ ఉంటుంది, అక్కడ నీరు కట్టదు. ఫిల్మ్‌కి ఇటూ అటూ ఖాళీగా మిగిలిన రెండు చివరల్లో కడుతుంది. అక్కడ చుక్కలు పెద్దవై, రోలర్ తిరుగుతుంటే అంచు కిందికి పాకుతాయి. ఆ చివరలకి చిన్న గాలి గొట్టం పెట్టి పొడిగాలి ఊదితే కర్టెన్ వచ్చేదాకా రోజులు గడుస్తాయి.

సెకండ్‌షిఫ్ట్_సాయి
ఏసీ పెడితే మా షిఫ్టంతా ఆ కర్టెన్ లోపలే దొరుకుతుంది 🙏

రెసిన్_రాజు
కరెంటు బిల్లు ఎవరు కడతారు? చిన్న లైన్ వాళ్లకి ఏసీ, డీహ్యుమిడిఫయర్ అంటే మాటలా.

గాజువాక_కాస్ట్‌లైన్
రాజు గారూ, వెనక్కి వచ్చిన రోల్స్ కోసి, గ్రైండ్ చేసి, మళ్లీ మధ్య లేయర్‌లో వేస్తున్నాం. ఒకసారి కరిగించిన కరెంటుకి రెండోసారి కడుతున్నాం. పైగా రీసైకిల్ ఎక్కువైతే ఫిల్మ్‌లో గింజలు వచ్చి సాగదీస్తే చిరుగుతోంది. ఏసీ దానికన్నా చవకే.

రెసిన్_రాజు
అది నిజమే. సరే, ఒప్పుకుంటున్నా. కానీ మధ్య లేయర్‌లోకి ఎల్‌డీపీఈ ఏమైనా పోతోందా చూడండి. మెల్ట్ స్ట్రెంత్ (కరిగిన ప్లాస్టిక్ తెగకుండా నిలిచే బలం) కోసం, నెక్-ఇన్ (డై దాటాక వెడల్పు కుంచించుకోవడం) తగ్గుతుందని కొందరు కలుపుతారు. అది పొడవు దిశలో ముడుచుకోవడాన్ని పెంచుతుంది, సాగడం తగ్గిస్తుంది.

గాజువాక_కాస్ట్‌లైన్
కొత్తగా కలపడం లేదు. బయట నుంచి రీసైకిల్ గింజలు కొన్న బస్తాలు కొన్ని ఉన్నాయి, వాటిలో ఏముందో తెలీదు. అవి ఆపేస్తాను.

పాత_వైండర్
ఆపేయి, మంచి మాట చెప్పారు రాజు గారు. నీ స్క్రాప్ నువ్వు వాడుకో, ఊరి స్క్రాప్ వద్దు.

ఇక వైండర్‌కి వద్దాం. చల్లదనం సర్దుకున్నాక టేపర్ పెట్టు. కోర్ దగ్గర మొదలుపెట్టిన టెన్షన్ రోల్ లావయ్యే కొద్దీ తగ్గుతూ రావాలి. నేనైతే చివరికి నాలుగో వంతు తగ్గేలా మొదలుపెట్టి, అక్కడి నుంచి రోల్‌ని చూసి సర్దుతాను. మొదటి చుట్లు గట్టిగా ఉంటే రోల్ జారదు, పైచుట్లు వదులుగా ఉంటే కోర్ మీద బరువు పడదు. నీ 'ఒకటి దక్కితే ఇంకోటి పోతోంది' అన్న బాధకి సగం మందు అదే.

డై వైపు కూడా ఒకసారి చూడు. నీ డై గ్యాప్ ఎంతో తెలీదు, 0.6 మి.మీ. అనుకుందాం. అక్కడ నుంచి 23 మైక్రాన్లకి దించుతున్నావంటే 26 రెట్లు లాగుతున్నావు. డై పెదవి నుంచి చిల్ రోల్ దాకా ఉన్న ఆ చిన్న ఖాళీలో జరిగే లాగుడు అది. మెల్ట్ చల్లగా ఉంటే ఆ లాగుడు అలాగే గడ్డకడుతుంది, తర్వాత వెనక్కి రావాలని చూస్తుంది. మెల్ట్ వేడి కొంచెం పెంచితే గడ్డకట్టేలోపే గొలుసులు సర్దుకుంటాయి. కానీ పెంచిన ప్రతి డిగ్రీని నీ చిల్ రోలే మింగాలి. అందుకే ముందు నీళ్లు, తర్వాత మెల్ట్. వరుస తప్పితే ఏం మార్చినా ఎందుకు మారిందో తెలీదు.

క్యూసీ_లావణ్య
మార్చిన ప్రతిసారీ ఒక చిన్న పరీక్ష చేయండి. రోల్ దింపగానే పైచుట్లు కొన్ని తీసేసి, ఫిల్మ్‌ని బల్ల మీద లాగకుండా పరిచి, మార్కర్‌తో పొడవు దిశలో సరిగ్గా మీటరు గీత, అడ్డంగా ఇంకో గీత పెట్టండి. మర్నాడు అదే వేళకి కొలవండి. ఫిల్మ్ స్వేచ్ఛగా ఎంత ముడుచుకుంటుందో తెలిసిపోతుంది. టాల్కమ్ పౌడర్ కొంచెం చల్లితే బల్లకి అంటుకోదు.

హైదరాబాద్_బ్లోన్
దానికి స్టాండర్డ్ టెస్ట్ ఉంది కదా, ఏఎస్‌టీఎం డి2732. వేడి నూనెలో ముంచి చూసేది.

క్యూసీ_లావణ్య
ఆ టెస్టులో పది సెంటీమీటర్ల చదరపు ముక్కని వేడి ద్రవంలో ముంచి ఎంత ముడుచుకుందో చూస్తారు. ష్రింక్ ఫిల్మ్‌కి అది ప్రాణం. డైలో పడిన సాగు ఎంతో తెలుసుకోవాలంటే మనకీ పనికొస్తుంది. గది వేడిలో రాత్రంతా నెమ్మదిగా జరిగేదాన్ని మాత్రం అది చూపించదు. స్ట్రెచ్ ఫిల్మ్ సాగి ఎంత వెనక్కి వస్తుందో, పట్టు ఎంత నిలుపుకుంటుందో చూడాలంటే డి5459 ఉంది, క్లింగ్‌కి డి5458. అవి విజయవాడ సీపెట్ (ప్లాస్టిక్ పరీక్షలు చేసే సంస్థ) లాంటి చోట అడిగి చేయించుకోండి. రోజువారీకి బల్ల, మార్కర్, మంచి స్టీలు స్కేలు చాలు.

హైదరాబాద్_బ్లోన్
సరే, ఒప్పుకున్నా.

గాజువాక_కాస్ట్‌లైన్
అందరికీ చెప్పాలి. కర్టెన్ కట్టాం, పాత ఏసీ ఒకటి బిగించాం. చిల్లర్ 20 లో నడుస్తోంది, చివరలకి గాలి గొట్టం పెట్టాం, మచ్చలు లేవు. రోల్ లోపలి వేడి ఇప్పుడు 32. టేపర్ పెట్టాం. ఈ వారం చుట్టిన రోల్స్‌లో ఒక్కదానికీ కోర్ నలగలేదు, పొద్దున్న కూడా బొటనవేలు దిగుతోంది. వెడల్పు 498.5, 499 వస్తోంది. రొయ్యల_ప్యాకింగ్ గారు చెప్పినట్టు కొత్త కోర్ ఒకటి తెచ్చి, లోపల సరిగ్గా సరిపోయేలా చెక్కతో మాండ్రిల్ తయారు చేయించి గోడకి వేలాడదీశాం. అది దూరని రోల్ గేటు దాటదు.

మిగతా మిల్లీమీటరు కోసం స్లిట్టింగ్ 501కి పెట్టమంటున్నారు మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి. పెట్టొచ్చా?

పాత_వైండర్
పెట్టొచ్చు, అందరూ చేసేదే. వానాకాలం పోయాక మళ్లీ కొలిచి వెనక్కి తెచ్చుకో, లేకపోతే డిసెంబర్‌లో ఎడ్జ్ ట్రిమ్ చాలక అంచు చిరుగుతుంది. రోల్స్ దింపగానే లారీ ఎక్కించకు, ఒక రోజు షెడ్డులో ఉండనీ. ముడుచుకునేదేదో నీ కళ్ల ముందే ముడుచుకుంటుంది. నీళ్లు కూడా మార్చు, మెత్తటి నీళ్లు పోసి క్లోజ్డ్ లూప్ చేయించు. లేకపోతే ఆ స్ట్రెయినర్ ఏడాది తిరక్కుండా మళ్లీ అదే తుప్పు పడుతుంది.

పరవాడ_స్టోర్స్
గాజువాక గారూ, కోర్‌తో కాకుండా నెట్ బరువు మీద బిల్లు వేస్తారా? వేస్తే మాట్లాడుకుందాం.

గాజువాక_కాస్ట్‌లైన్
వేస్తాం అండీ. మెసేజ్ పెట్టండి.

సెకండ్‌షిఫ్ట్_సాయి
చివరగా ఒకటి. మా ఓనరు ప్రీ-స్ట్రెచ్ రోల్స్ మొదలుపెడదాం అంటున్నారు, చేత్తో చుట్టే పలచటివి. అక్కడ కూడా ఇదే గోలా?

పాత_వైండర్
ఇంతకన్నా ఎక్కువ సాయి. ఫిల్మ్‌ని ముందే వేగం తేడా ఉన్న రెండు రోలర్ల మధ్య రెండు మూడు రెట్లు లాగేసి చుడతారు కాబట్టి, వెనక్కి రావాలన్న బలం మొదటి నుంచే దాని ఒంట్లో ఉంటుంది. లాగిన రోలర్ కన్నా వైండర్ నెమ్మదిగా తిరగాలి, చుట్టే ముందే ఫిల్మ్ కొంత వెనక్కి రానివ్వాలి. ఆ ఏర్పాటు లేని మెషీన్ చవగ్గా వస్తుందని కొనొద్దని మీ ఓనరుకి చెప్పు. కొనే ముందు ఆ మెషీన్ మీద చుట్టిన రోల్ ఒకటి తీసుకుని రెండు మూడు రోజులు మీ షెడ్డులోనే పెట్టి, కోర్‌లో షాఫ్ట్ దూర్చి చూడమను.

సెకండ్‌షిఫ్ట్_సాయి
ఈ పోస్టు అలాగే పంపుతున్నా ఆయనకి.